స్విచ్ లోపలికి దారి

కొత్త మేనేజ్డ్ స్విచ్‌ను పెట్టెలోంచి తీసి, రాక్‌లో బిగించి, కరెంటు ఇచ్చి, నాలుగు కంప్యూటర్ల కేబుళ్లు గుచ్చితే చాలు, పని మొదలుపెట్టేస్తుంది. కాసేపట్లో పోర్టుల దగ్గర పచ్చ లైట్లు వెలుగుతాయి. ప్రింటర్ దొరుకుతుంది, ఫైళ్లు అటూ ఇటూ వెళ్తాయి. దానికి ఎవరూ ఐపీ అడ్రసు ఇవ్వలేదు, పాస్‌వర్డు పెట్టలేదు, కనీసం ఒక పేరు కూడా పెట్టలేదు. అయినా ఏ లోటూ కనిపించదు. మరి మామూలు స్విచ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి దీన్ని కొనడం, దానికి అడ్రసు ఇచ్చి లాగిన్లు తయారుచేయడం, ఈ తతంగమంతా ఎందుకు?

స్విచ్ చేసే అసలు పని ఐపీ అడ్రసుల జోలికే పోదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఫ్యాక్టరీలోనే 48 బిట్ల మ్యాక్ అడ్రసు ఒకటి రాసిపెడతారు. మూడో పోర్టులోంచి ఒక ఫ్రేము, అంటే డేటా మూట, వచ్చిందనుకోండి. దాన్ని పంపిన కార్డు మ్యాక్ అడ్రసు చూసి, ఆ అడ్రసు మూడో పోర్టు వైపు ఉందని స్విచ్ తన పట్టికలో రాసుకుంటుంది. అందుకోవాల్సిన అడ్రసు పట్టికలో ఉంటే ఆ పోర్టుకు మాత్రమే ఫ్రేమును పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపి, జవాబు ఎటునుంచి వస్తుందో చూసి నేర్చుకుంటుంది. చాలా స్విచ్‌లలో 5 నిమిషాలపాటు అలికిడి లేని అడ్రసు పట్టికలోంచి దానంతటదే పోతుంది. 1990లో సిలికాన్ వ్యాలీలోని కల్పన అనే కంపెనీ తెచ్చిన 7 పోర్టుల ఈథర్‌స్విచ్ చేసిందీ ఇదే పని. భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్ సహ వ్యవస్థాపకుడిగా, తన భార్య పేరు మీద పెట్టిన కంపెనీ అది. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. ఇవాళ మన ఆఫీసుల్లో ఉన్న ఈథర్‌నెట్ స్విచ్‌లన్నిటికీ అదే పెద్దన్న.

మేనేజ్డ్ స్విచ్ పెట్టెలో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫ్రేములను పోర్టు నుంచి పోర్టుకు విసిరే ప్రత్యేకమైన చిప్పు. రెండోది ఆ చిప్పుకు ఏం చేయాలో చెప్పే ఒక చిన్న కంప్యూటరు. దానికి సొంత ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. మనం ఇచ్చే ఐపీ అడ్రసు ఈ చిన్న కంప్యూటరుకే. స్విచ్ మోసే ట్రాఫిక్‌లో దాదాపు అంతా చిప్పు మీదుగానే పోతుంది, కంప్యూటరు దాకా రాదు. ‘ఇది నాకే’ అనుకున్న కొద్ది ప్యాకెట్లు మాత్రమే లోపలికి వెళ్తాయి. ఎనిమిదో పోర్టులో ఎవరు కూర్చున్నారు, ఏ కేబులు లోపాలు చూపిస్తోంది, ఏ పోర్టును మూసేయాలి అని అడగాలంటే ఆ చిన్న కంప్యూటరుతో మాట్లాడాలి. ఆ మాటలకు దారి వేయడమే మేనేజ్‌మెంట్ యాక్సెస్.

ఆ దారి మొదట కన్సోల్ పోర్టు దగ్గర మొదలవుతుంది. చూడటానికి అది నెట్‌వర్క్ పోర్టులాగే ఉంటుంది, అదే ఆర్‌జే-45 సాకెట్టు. లోపల నడిచేది మాత్రం ఈథర్‌నెట్ కానే కాదు, 1960లో అమెరికాలో ప్రామాణికమైన ఆర్‌ఎస్-232 సీరియల్ సంకేతం. సిస్కో డబ్బాల్లో ఏళ్ల తరబడి వచ్చిన లేత నీలం బద్ద కేబులు దీనికోసమే. రోల్‌ఓవర్ కేబుల్ అంటారు. ఒక కొసన ఒకటో తీగ ఉన్నచోట రెండో కొసన ఎనిమిదోది ఉంటుంది, రెండుకు ఏడు, మూడుకు ఆరు, ఇలా పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో సీరియల్ పోర్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ ఒకటి కావాలి. కొన్ని కొత్త స్విచ్‌లకు నేరుగా యూఎస్‌బీ కన్సోలే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పుట్టీ లాంటి ప్రోగ్రామ్ తెరిచి, వేగం 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1 అని పెట్టి ఎంటర్ కొడితే తెర మీద స్విచ్ పేరు, పక్కన ఒక బాణం గుర్తు వస్తాయి. సెకనుకు 9600 బిట్లు అంటే, ఒక్కో అక్షరానికి ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు పడతాయి కాబట్టి, సెకనుకు సుమారు 960 అక్షరాలు. స్విచ్ అమరికల పొడవాటి జాబితాను, అంటే కాన్ఫిగ్‌ను, చూపించమంటే అది తెర మీద మెల్లగా దిగడం కంటికి కనిపిస్తుంది. గిగాబిట్ల స్విచ్‌కు ఇంత నత్తనడక దారా అని నవ్వొస్తుంది. అయితే ఈ దారికి నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేదు. ఐపీ అడ్రసు తప్పయినా, కేబుళ్లన్నీ పీకేసినా, అమరికలు చెడిపోయినా కన్సోల్ తెరుచుకుంటుంది. తర్వాత చెప్పబోయే కష్టాలన్నిటిలోనూ చివరికి ఆదుకునేది ఇదే.

చిన్న సంస్థల కోసం చేసిన స్విచ్‌లు చాలావాటికి కన్సోల్ ఉండదు. వాటికి ఫ్యాక్టరీ నుంచే ఒక అడ్రసు వస్తుంది. నెట్‌గేర్ స్మార్ట్ స్విచ్‌లలో చాలావాటికి 192.168.0.239, సిస్కో చిన్న సంస్థల రకానికి 192.168.1.254, టీపీ-లింక్ రకానికి 192.168.0.1. ల్యాప్‌టాప్‌కు అదే వరసలోని మరో అడ్రసు ఇచ్చి బ్రౌజర్‌లో తెరిస్తే లాగిన్ పేజీ వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డు రెండూ ఒకే మాటగా ఉన్న రోజులు చాలాకాలం నడిచాయి. ఇప్పుడు చాలా కంపెనీలు మొదటి లాగిన్‌లోనే కొత్త పాస్‌వర్డు పెట్టుకోమని పట్టుబడుతున్నాయి. పైగా అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, నెట్‌కు తగిలించే పరికరాలన్నిటికీ ఒకే డీఫాల్ట్ పాస్‌వర్డు పెట్టి అమ్మడం కుదరదని చట్టం చేసి 2020 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది.

ఇక అడ్రసు ఇవ్వడం. సిస్కో క్యాటలిస్ట్ రకాన్నే ఉదాహరణగా తీసుకుందాం, ఎక్కువమంది నేర్చుకునేది దాని మీదే కాబట్టి. మ్యాక్ అడ్రసులతోనే పనిచేసే లేయర్-2 స్విచ్‌లో ఐపీ అడ్రసును ఒక పోర్టుకు ఇవ్వరు, ఒక వీల్యాన్‌కు ఇస్తారు. వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ను లోలోపల వేర్వేరు స్విచ్‌లుగా విడగొట్టే ఏర్పాటు. స్విచ్ నుంచి స్విచ్‌కు వెళ్లే ట్రంక్ లింకుల్లో ఫ్రేముకు 12 బిట్ల వీల్యాన్ సంఖ్య తగిలిస్తారు; రెండు సంఖ్యలు వాడకానికి లేవు కాబట్టి మిగిలేవి 4094. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అన్ని పోర్టులూ ఒకటో వీల్యాన్‌లోనే ఉంటాయి. పాఠాల్లో కూడా మొదటి ఉదాహరణగా దానికే అడ్రసు ఇస్తారు. అక్కడే ఆగిపోతే ఏమవుతుందో చూడండి. రిసెప్షన్ టేబుల్ కింద ఖాళీగా ఉన్న సాకెట్లో ఎవరైనా ల్యాప్‌టాప్ గుచ్చితే, స్విచ్ లాగిన్ తెరకు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే. అందుకని నిర్వహణకు వేరే వీల్యాన్ కడతారు. 99 అనే సంఖ్యను చాలామంది అలవాటుగా వాడతారు. దానికి ప్రత్యేక మహిమేం లేదు.

కన్సోల్ తెర మీద చేసే పని చూద్దాం. ముందు 99వ వీల్యాన్‌ను పుట్టించి పేరు పెట్టాలి. తర్వాత ‘ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 99’ అని కొట్టి, అడ్రసు 10.10.99.11, మాస్కు 255.255.255.0 ఇచ్చి, ‘నో షట్‌డౌన్’ అనాలి. కొత్తవాళ్లు ఇక్కడ బోర్లాపడతారు. అడ్రసు ఇచ్చారు, షట్‌డౌన్ తీసేశారు, అయినా ఇంటర్‌ఫేస్ డౌన్ అనే చూపిస్తుంది. కారణం: ఈ ఇంటర్‌ఫేస్‌కు సొంతంగా కేబులు లేదు. 99వ వీల్యాన్ స్విచ్‌లో ఉండాలి, ఆ వీల్యాన్‌ను మోసే పోర్టు కనీసం ఒకటైనా నిజంగా వెలుగుతూ ఉండాలి. అప్పుడే ఇది లేస్తుంది. వీల్యాన్‌ను సృష్టించడం మరిచిపోయినా, ట్రంక్‌లో దానికి అనుమతి ఇవ్వకపోయినా ఎంతసేపు చూసినా లేవదు.

రెండో చిక్కు ఇంకా చిత్రమైనది. పక్కనే 99లో ఉన్న కంప్యూటరు నుంచి పింగ్ చేస్తే స్విచ్ పలుకుతుంది. పై అంతస్తులో వేరే సబ్‌నెట్‌లో, అంటే వేరే అడ్రసుల వరసలో, కూర్చున్న ఇంజినీరు పింగ్ చేస్తే పలకదు. స్విచ్‌కు వినబడలేదనుకుంటారు. నిజానికి ఆ పింగ్ స్విచ్ దాకా చక్కగా వచ్చింది. స్విచ్ జవాబు కూడా సిద్ధం చేసింది. కానీ అందుకోవాల్సిన అడ్రసు తన సబ్‌నెట్‌లో లేదు. బయటికి ఎటు పంపాలో ఎవరూ చెప్పలేదు. ‘ఐపీ డీఫాల్ట్-గేట్‌వే 10.10.99.1’ అన్న ఒక్క వరుస రాయగానే పలుకుతుంది. ప్యాకెట్ ప్రయాణమంటే పోవడం, రావడం రెండూ అని పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కనిది ఈ ఒక్క వరుస దగ్గర ఎక్కుతుంది.

అడ్రసు వచ్చింది. ఇప్పుడు లోపలికి ఏ భాషలో పోవాలి? పాత దారి టెల్‌నెట్. దాని మూలాలు 1969లో, ఇంటర్నెట్ పూర్వరూపమైన అర్పానెట్ పుట్టిన కాలంలో ఉన్నాయి. పోర్టు 23 (ఇక్కడ పోర్టు అంటే సాకెట్టు కాదు, సేవను గుర్తించే సంఖ్య). మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, ఉన్నది ఉన్నట్టుగా తీగ మీద పోతుంది. మధ్యలో ఎక్కడైనా ప్యాకెట్లు పట్టి చూసేవాడికి అది తెరిచిన పుస్తకమే. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడ పరిశోధకుడిగా ఉన్న తాతూ యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. పోర్టు 22 దానిది. ఇందులో రెండు కొసలూ ముందుగా ఒక రహస్య తాళాన్ని ఉమ్మడిగా తయారుచేసుకుంటాయి, ఆ తాళం మాత్రం తీగ మీద ఎప్పుడూ ప్రయాణించదు. ఆ తర్వాతి మాటలన్నీ సంకేతీకరించే వెళ్తాయి.

స్విచ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ తెరవడానికి దానికి ఒక పేరు, ఒక డొమైన్ పేరు ఇచ్చి, కనీసం 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాల జత తయారుచేయమనాలి. యూజర్లను పెట్టాలి. మనుషులు వచ్చి చేరే వీటీవై లైన్లలో ఎస్‌ఎస్‌హెచ్‌కు మాత్రమే అనుమతి ఇవ్వాలి. ఈ లైన్లు క్యాటలిస్ట్‌లో 0 నుంచి 15 దాకా మొత్తం 16. పాత నోట్సులో ‘లైన్ వీటీవై 0 4’ అని ఉంటుంది. దాన్ని కాపీ కొట్టినవాళ్లు మొదటి అయిదింటికే గట్టి తాళం వేసి, మిగతా 11 లైన్లను ఎలా ఉన్నవి అలా వదిలేస్తారు. ఆడిట్లలో ఇది దొరికినప్పుడల్లా నాకు ఆశ్చర్యం వేయదు, ఆ నోట్సు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు కాబట్టి.

మొదటిసారి ఎస్‌ఎస్‌హెచ్‌తో కలిసినప్పుడు ల్యాప్‌టాప్ ఒక పొడవాటి వేలిముద్రను చూపించి ‘ఈ స్విచ్ నిజంగా అదేనా’ అని అడుగుతుంది. అందరూ చదవకుండానే ‘అవును’ అంటారు. మధ్యలో ఎవరైనా స్విచ్ వేషం వేసుకుని కూర్చుని ఉంటే పట్టుకోగలిగిన అవకాశం ఆ ఒక్క నిమిషమే. కన్సోల్ మీద ఉన్నప్పుడే ఆ వేలిముద్రను రాసి పెట్టుకుంటే సరిపోల్చుకోవచ్చు.

పాస్‌వర్డు దాచే తీరులోనూ తేడాలున్నాయి. సిస్కో కాన్ఫిగ్‌లో టైప్ 7 అని కనిపించే గజిబిజి అక్షరాలు రహస్యంలా అనిపిస్తాయి గానీ, వాటిని వెనక్కి తిప్పి అసలు మాట చూపించడం క్షణాల పని. పక్కవాడు భుజం మీదుగా చూసి చదివేయకుండా పెట్టిన తెర అది, అంతవరకే దాని ఉపయోగం. టైప్ 8, టైప్ 9 అనేవి వెనక్కి తిప్పడానికి వీల్లేని హ్యాష్‌లు. కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటే వాటినే వాడాలి. అందరికీ కలిపి ఒకే ‘అడ్మిన్’ ఖాతా ఉంటే రేపు ఎవరు ఏ పోర్టు మూశారో తేల్చలేం. పెద్ద సంస్థలు రేడియస్ లేదా టాకాక్స్ సర్వర్ పెట్టి ఎవరి పేరుతో వాళ్లను లోపలికి పంపుతాయి. ఆ సర్వర్ అందకపోతే వాడుకోవడానికి ఒక స్థానిక ఖాతా కూడా స్విచ్‌లో ఉంచి, దాని పాస్‌వర్డును బీరువాలో పెడతారు.

ఎవరు రావచ్చో తేలింది. ఎక్కడినుంచి రావచ్చో కూడా తేల్చాలి. నిర్వహణ కంప్యూటర్లున్న సబ్‌నెట్‌ను తప్ప మిగతావాటిని తిప్పి పంపే యాక్సెస్ లిస్టును వీటీవై లైన్లకు తగిలిస్తారు. వాడని తలుపులు మూసేస్తారు. ముఖ్యంగా వెబ్ పేజీ. 2023 అక్టోబరులో సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్‌లోని వెబ్ నిర్వహణ పేజీలో ఒక లోపం బయటపడింది. తీవ్రత కొలమానంలో 10కి 10. పాస్‌వర్డు ఏదీ తెలియకుండానే ఎవరైనా అత్యున్నత అధికారమున్న యూజర్‌ను సృష్టించుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా పదుల వేల పరికరాల్లో దొంగలు తమ ప్రోగ్రామ్ నాటిపోయారు. వెబ్ పేజీని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచిన పరికరాలే అవి. ఆ ఏడాది జూన్‌లోనే అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఇంటర్నెట్‌కు కనిపించే నిర్వహణ తలుపు ఏదైనా సరే, కంటపడిన 14 రోజుల్లో దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించాలని, లేదా వచ్చేవారిని ప్రతిసారీ తనిఖీ చేసే కాపలా పెట్టాలని తమ పౌర ప్రభుత్వ శాఖలను ఆదేశించింది.

మనం తెరవకుండానే తెరుచుకుని ఉండే తలుపులు మరీ ప్రమాదం. కొత్త స్విచ్‌ను గుచ్చగానే తనంతట తానే కాన్ఫిగ్ తెచ్చుకునేలా సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం పెట్టింది. పోర్టు 4786. దానికి లాగిన్ అడగడమే లేదు. అందులో ఒక తీవ్రమైన లోపాన్ని 2018 మార్చిలో ప్రకటించారు. ఏప్రిల్ మొదటి వారంలో ఎవరో స్మార్ట్ ఇన్‌స్టాల్‌ను అడ్డం పెట్టుకుని స్విచ్‌ల కాన్ఫిగ్ తుడిచేసి, ఆ స్థానంలో ‘మా ఎన్నికల జోలికి రావద్దు’ అన్న అర్థంలో ఇంగ్లిషు సందేశం, అక్షరాలతో గీసిన అమెరికా జెండా వదిలారు. దెబ్బతిన్న స్విచ్‌లు ప్రపంచం మొత్తం మీద 2 లక్షలనీ, తమ దేశంలో 3,500 అనీ ఇరాన్ సమాచార మంత్రిత్వ శాఖ చెప్పింది. పోనీ అది పాత కథ అనుకుందామా అంటే, 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌బీఐ మళ్లీ అదే లోపం పేరెత్తి హెచ్చరించింది. రష్యా నిఘా విభాగం వాళ్లు ఏడేళ్ల నాటి ఈ రంధ్రంలోంచే వేలాది పరికరాల కాన్ఫిగ్ ఫైళ్లు పట్టుకుపోయారని అందులో ఉంది. వాడుకలో లేని సదుపాయాన్ని ఆపేయడానికి ‘నో వీస్టాక్’ అనే ఒక్క వరుస చాలు.

ఎస్‌ఎన్‌ఎంపీ సంగతీ ఇంతే. స్విచ్‌ల ఆరోగ్యాన్ని దూరం నుంచి అడిగి తెలుసుకునే ఈ పద్ధతి 1988 నాటిది. మొదటి రెండు తరాల్లో రహస్యపదం టెల్‌నెట్‌లాగే బాహాటంగా పోతుంది. చాలా పరికరాల్లో చదవడానికి ‘పబ్లిక్’, రాయడానికి ‘ప్రైవేట్’ అనే మాటలే ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి, వాటిని మార్చనివాళ్లు కోకొల్లలు. 2002 చివర్లో ప్రామాణికమైన మూడో తరంలో గుర్తింపు, సంకేతీకరణ రెండూ ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా రెండో తరాన్నే వాడటానికి బద్ధకం తప్ప వేరే సాకు దొరకదు.

తలుపులు ఇంత గట్టిగా బిగించాక వచ్చే కష్టం ఇంకొకటి. బయటివాళ్లకే గాదు, బిగించినవాళ్లకూ దారి మూసుకుపోవచ్చు. ఈ విద్యలో నా దృష్టికి అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, తరగతుల్లో తక్కువ చెప్పేదీ ఇదే.

ఇరవై కిలోమీటర్ల అవతల బ్రాంచి ఆఫీసులో స్విచ్ ఉందనుకోండి. దాని ట్రంక్ పోర్టులో 10, 20, 99 వీల్యాన్లు నడుస్తున్నాయి. కొత్తగా 30వ వీల్యాన్ కావాలన్నారు. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి ట్రంక్ పోర్టు మీద ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30’ అని కొట్టి ఎంటర్ నొక్కారు. కర్సర్ అక్కడే ఆగిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ ఆజ్ఞకు అర్థం 30ని చేర్చమని కాదు, ఇకమీదట 30 ఒక్కటే ఉండనివ్వమని. ఉన్న జాబితా మొత్తం పోయింది, మీరు వచ్చిన 99తో సహా. 30కి ముందు ‘యాడ్’ అన్న మాట ఒక్కటి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు తప్పు దిద్దడానికి అవసరమైన దారి ఆ తప్పు వల్లే మూసుకుపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. ప్రపంచంలో ఈ ఆజ్ఞకు బలి కాని నెట్‌వర్క్ ఇంజినీరు అరుదు.

దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. మార్పు చేసే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని కొడతారు. పది నిమిషాల తర్వాత స్విచ్ తనంతట తాను తిరిగి మొదలవుతుంది. సిస్కోలో మనం చేసే మార్పులు నడుస్తున్న కాన్ఫిగ్‌లోకి వెంటనే వస్తాయి గానీ, సేవ్ చేసేదాకా శాశ్వత జ్ఞాపకంలోకి పోవు. కాబట్టి దారి మూసుకుపోతే టీ తాగి వచ్చేలోగా స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేచి కూర్చుంటుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ అని, ఆపైన సేవ్ చేస్తారు. సేవ్ ముందే కొట్టేస్తే ఉపాయం పనికిరాదు. రీలోడ్ అయినప్పుడు కొన్ని నిమిషాలపాటు ఆ బ్రాంచి అంతా ఆగిపోతుందన్నది ఇందులో ఉన్న నష్టం. సిస్కోకు పోటీదారైన జూనిపర్ వాళ్లు ఇంకా తెలివిగా చేశారు. ‘కమిట్ కన్ఫర్మ్డ్’ అంటే మార్పు అమలవుతుంది. పది నిమిషాల్లో మనం మళ్లీ ఖాయం చేయకపోతే, రీబూట్ ఏమీ లేకుండానే పాత స్థితికి వెళ్లిపోతుంది.

హైదరాబాద్ అమీర్‌పేటలో సిస్కో వారి సీసీఎన్ఏ కోర్సు నేర్చుకుని దేశదేశాల డేటా సెంటర్లలో స్థిరపడిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది మొదటి స్విచ్‌ను ముట్టుకున్నది ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్‌లో. అందులో స్విచ్ బొమ్మ మీద క్లిక్ చేస్తే చాలు, ఎప్పుడైనా లోపలికి పోవచ్చు. ఆ క్లిక్ నిజానికి కన్సోల్ కేబులు చేసే పనే చేస్తుంది. కానీ అక్కడ దూరం లేదు, తాళం వేసిన సర్వర్ రూమ్ లేదు, ఆ తాళంచెవి ఉన్న మనిషి సెలవు పెట్టడం లేదు. దారి మూసుకుపోవడమనే అనుభవం విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు. బొమ్మ మీద క్లిక్ చేయకుండా, సిమ్యులేటర్‌లోని వేరే కంప్యూటరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తోనే మొత్తం పని చేయమని పంతుళ్లు ఒక్క వారం పట్టుబడితే చాలా నేర్చుకుంటారు.

పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కావు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు 6 గంటలపాటు మాయమయ్యాయి. రోజువారీ నిర్వహణలో భాగంగా ఇచ్చిన ఒక ఆజ్ఞ డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంచేసింది. అలాంటి ఆజ్ఞలను అడ్డుకోవాల్సిన తనిఖీ ప్రోగ్రామ్‌లో లోపం ఉండి అడ్డుకోలేదు. మామూలు దారితో పాటు, ఇలాంటప్పుడు వాడుకోవడానికి పెట్టుకున్న వేరే దారి కూడా పనిచేయలేదని కంపెనీయే తర్వాత రాసింది. చివరికి ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. వెళ్లాక కూడా, ఎవరూ సులువుగా చొరబడకుండా కట్టిన భవనాలూ పరికరాలూ కాబట్టి, వాళ్లకే ఆలస్యమైంది.

మరుసటి ఏడాది జులై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ నెట్‌వర్క్ కూలి 1.2 కోట్ల మందికి పైగా కస్టమర్లకు ఫోనూ ఇంటర్నెట్టూ పోయాయి. అత్యవసర సహాయ నంబరు 911 కూడా చాలామందికి అందలేదు. ఒక అప్‌గ్రేడ్ మధ్యలో రౌటర్లోని ఒక వడపోత నిబంధనను తీసేశారు. రూట్ల వరద ప్రధాన రౌటర్ల మీద పడి అవి కూలిపోయాయి. వాటిని బాగుచేయడానికి వాడే నిర్వహణ నెట్‌వర్క్ కూడా అవే ప్రధాన రౌటర్ల మీద ఆధారపడి ఉంది. సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకుందామన్నా వాళ్ల ఫోన్లలో ఉన్నవీ రోజర్స్ సిమ్‌లే.

ఈ రెండిటి నుంచీ చిన్న ఆఫీసుకు పనికొచ్చే ముక్క ఒకటే: బాగుచేసే దారి, బాగుచేయాల్సిన వస్తువు మీదుగా పోకూడదు. నిర్వహణ వీల్యాన్ విడిగా ఉన్నా, అది పోయేది అదే ట్రంక్ కేబుళ్ల మీద, అదే చిప్పుల గుండా. దాన్ని ఇన్-బ్యాండ్ అంటారు. దానికి పూర్తిగా వెలుపల ఉండే దారి అవుట్-ఆఫ్-బ్యాండ్. కొన్ని స్విచ్‌ల వెనక నిర్వహణకు మాత్రమే వేరే ఈథర్‌నెట్ పోర్టు ఉంటుంది. అలాంటివన్నీ కలిపి ఒక చవక స్విచ్‌కు గుచ్చి వేరే చిన్న నెట్‌వర్క్ కట్టొచ్చు. దూరపు బ్రాంచీలో అయితే కన్సోల్ పోర్టులన్నిటినీ ఒక కన్సోల్ సర్వర్‌కు కలిపి, దానికి వేరే కంపెనీ 4జీ సిమ్ వేస్తారు. వేరే కంపెనీది అన్న మాటే ఇక్కడ ముఖ్యం. అంత ఖర్చు వద్దనుకుంటే, బ్రాంచీలో నమ్మకమైన ఒక మనిషి, రాక్‌లో ఒక కన్సోల్ కేబులు ఉన్నా చాలావరకు గట్టెక్కుతాం. ఆ మనిషి ల్యాప్‌టాప్‌ను మొబైల్ హాట్‌స్పాట్‌కు తగిలించి తెర పంచుకుంటే ఇక్కడినుంచే దిద్దొచ్చు.

కన్సోల్‌కు రెండో ముఖం కూడా ఉంది. పాత క్యాటలిస్ట్ 2960 లాంటి స్విచ్‌ల ముందుభాగంలో మోడ్ అనే బటన్ ఉంటుంది. కరెంటు తీసి, ఆ బటన్ నొక్కిపట్టి మళ్లీ ఇస్తే, పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లు కన్సోల్ మీదుగా కాన్ఫిగ్‌ను పక్కనపెట్టి లోపలికి వెళ్లొచ్చు. మరిచిపోయినవాళ్లకు పనికొచ్చేది దొంగకూ పనికొస్తుంది. కారిడార్‌లో, మెట్లకింద, జిరాక్స్ మెషిన్ వెనక తెరిచి పెట్టిన స్విచ్‌కు ఎంత పెద్ద పాస్‌వర్డు పెట్టినా అది సగం రక్షణే. రాక్‌కు తాళం కూడా కావాలి.

ఈ మధ్య క్లౌడ్‌తో నడిచే స్విచ్‌లు వస్తున్నాయి. వీటిలో మనం స్విచ్ దగ్గరకు పోము. స్విచ్చే ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్‌కు పలకరింపు పంపి, మనం వెబ్‌లో రాసిపెట్టిన ఆజ్ఞలు తెచ్చుకుంటుంది. బయటినుంచి లోపలికి తలుపు తెరవనక్కర్లేదు, సౌకర్యం నిజమే. ఇంటర్నెట్ లైను పోయిన పూట దాని కాన్ఫిగ్ మార్చడం కష్టమవుతుందన్నది కొనేముందు అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

లోపలికి వచ్చినవాళ్ల జాడ మిగలాలంటే స్విచ్ గడియారం సరిగా ఉండాలి, లాగ్‌లు వేరే చోటికి పోవాలి. గడియారం సరిచేయని చాలా స్విచ్‌లు పవర్ పోయి వచ్చిన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. అలాంటి లాగ్ చూసి మొన్న రాత్రి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కాల సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే సర్వర్లతో గానీ కలపాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి. భద్రతా ఘటనలను గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. స్విచ్‌లో ఇది రెండు మూడు వరుసల పని.

మీ ఆఫీసులోనో కాలేజీలోనో స్విచ్‌లు చూసుకునే బాధ్యత మీదైతే, రేపు ఒక పరీక్ష పెట్టండి. మీ సీటు నుంచి వద్దు, అకౌంట్స్ సెక్షన్‌లోనో విద్యార్థుల ల్యాబ్‌లోనో ఉన్న మామూలు కంప్యూటరు నుంచి స్విచ్ అడ్రసును టెల్‌నెట్‌తో, ఎస్‌ఎస్‌హెచ్‌తో, బ్రౌజర్‌తో పిలిచి చూడండి. లాగిన్ తెర వచ్చిందంటే పని ఇంకా మిగిలే ఉంది. అది సరిచేసే ముందు కన్సోల్ కేబులు ఎక్కడుందో వెతికి దగ్గర పెట్టుకోండి.